‘డిస్కో దీవానే’ ఎల్పీకి పట్టిన బూజు ఎలా వదిలించాలి?

నమస్కారమండీ. మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య పాకిస్తానీ పాప్ గాయని నాజియా హసన్ ‘డిస్కో దీవానే’ ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) దొరికింది, 1981 నాటి ఆల్బమ్. చిన్నప్పుడు మా మేనమామ ఇంట్లో ఈ రికార్డు మోగుతుంటే గుమ్మంలోనే నిలబడిపోయేదాన్ని. బేరమాడటానికి మనసొప్పలేదు.

అట్ట బాగానే ఉంది. లోపలి కాగితం కవరు మాత్రం చెమ్మకు అతుక్కుపోయి, గాడుల్లో తెల్లటి బూజు పట్టింది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల లిక్విడ్ సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో గాడుల వెంట గుండ్రంగా తుడిచాను. రెండో వైపు హాయిగా పలుకుతోంది. మొదటి వైపు ఇంకా చిటపటలే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (శుభ్రం చేయడానికి వాడే స్పిరిట్) కలపొచ్చా? పాత 78 ఆర్పీఎం లక్క రికార్డులను అది పాడుచేస్తుందని తెలుసు. ఈ ఎల్పీలాంటి వినైల్ (ప్లాస్టిక్) రికార్డుకి ఎన్ని పాళ్లు కలపాలో, స్వయంగా చేసి చూసినవాళ్లు చెప్పండి. పైన మచ్చ మిగిలినా ఫరవాలేదు, గాడి చెడకూడదు.

ఇంకొకటి. నాజియా, ఆమె తమ్ముడు జోహెబ్ పాడిన ‘యంగ్ తరంగ్’ (1984) కూడా వెతుకుతున్నాను. హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ, వాడిన ఎల్పీలను ముందు వినిపించి అమ్మే కొట్టు ఏదైనా ఉందాండీ?