ఇంటర్ ఎంపీసీ తర్వాత ఫోటోగ్రఫీ డిగ్రీ: నాలుగేళ్లు నేర్పేదేముంది?

పొదిలి ఎరువుల కొట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది పొదిలి. ఎరువులు, పురుగుమందుల కొట్టు నాది. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మార్కులు బానే వస్తాయి. ఇంట్లో అందరం ఇంజనీరింగే అనుకుంటా ఉంటే దసరా సెలవులకొచ్చి, "నాన్నా, నేను ఫోటోగ్రఫీలో డిగ్రీ చేస్తా" అంది. వాళ్లమ్మ ఇంకా దాంతో సరిగ్గా మాట్లాడటంలా.

నేను వద్దనలేదు. పోయిన సంక్రాంతికి పక్క ఊళ్లో ఎడ్ల బండలాగుడు పోటీలు పెడితే ఫోన్‌తో ఫోటోలు తీసుకొచ్చింది. అందరూ ఎడ్లకి ఎదురుగా నిలబడి తీస్తంటే ఇది బండ వెనకమాలకి పోయిందంట. బండ కదలకుండా ఆగిపోయినప్పుడు తోలేవాళ్ల మొహాలు, గట్టు మీద జనం ఊపిరి బిగబట్టుకుని చూడటం, అవి తీసింది. ఒంగోలు గిత్తల ఫోటోలు క్యాలెండర్ల మీద చానా చూశా. ఇట్టాంటివి చూడలేదు.

కాకపోతే మా ఊరి స్టూడియో ఆయన్ని అడిగితే నవ్వాడు. "కెమెరా పట్టుకోడానికి నాలుగేళ్లెందుకు సార్, నా దగ్గరికి పంపండి, ఆర్నెల్లలో పెళ్లిళ్లు తీసేట్టు చేస్తా" అన్నాడు. అదీ నిజమే అనిపిస్తంది. మరి యూనివర్సిటీలో కూర్చోబెట్టి నాలుగేళ్లు ఏం చెప్తారు? బయటికొచ్చాక ఏం పని దొరుకుద్ది? మనకి దగ్గర్లో ఎక్కడుంది? తెలిసినవాళ్లు దాపరికం లేకుండా చెప్పండి.

కావలి స్టూడియో

అన్నా, నేను ఈ ఫీల్డులోనే తల నెరిపినోణ్ణి. రీలు కాలం నుంచి ఉండా. ఇప్పటిదాకా ఒక్క పార్టీ కూడా నన్ను సర్టిఫికెట్ చూపించమని అడగలేదు. ఆల్బమ్ చూస్తారు, రేటు అడుగుతారు, డ్రోన్ ఉందా అంటారు, అంతే. మా పిల్లకాయలు ముందు లైటు పట్టుకుంటారు, తర్వాత నిలబెట్టి తీసే ట్రెడిషనల్, ఆ తర్వాత వాళ్లకి తెలియకుండా తీసే క్యాండిడ్. చెయ్యి తిరిగితే వాళ్లే బయటికెళ్లి సొంతంగా పెట్టుకుంటారు.

అయితే ఒకటి. ముహూర్తాలున్న నెలల్లో నిద్రుండదు, మూఢం వచ్చిందంటే షట్టర్ దించుకుని కూర్చోవాలి. పాస్‌పోర్ట్ ఫోటోల మీద స్టూడియో అద్దె వెళ్లే రోజులు పోయినాయి. ఆడపిల్ల రాత్రి రెండింటికి కల్యాణమండపం నుంచి ఎట్టా వస్తుందో అది కూడా ఆలోచించుకో. ఇంజనీరింగ్ చదివించి, ఫోటోలు సరదాగా తీసుకోనీ. నా మాట ఇది.

చీమకుర్తి అమ్మాయి

బాబాయ్ గారూ, నేను బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫోటోగ్రఫీ చదివాను. ఇప్పుడు ఒంగోలులో ఉంటా. ఎక్కువగా గ్రానైట్ ఎగుమతి చేసేవాళ్లకి స్లాబుల ఫోటోలు తీస్తా, మధ్యలో హోటళ్లకి మెనూ ఫోటోలు, తెలిసినవాళ్ల పెళ్లిళ్లు. మీ స్టూడియో ఆయన చెప్పింది అబద్ధం కాదు. పెళ్లిళ్లు తీయడానికైతే ఆర్నెల్లు చాలు. మీ పాపకి పెళ్లిళ్లే తీయాలనుంటే డిగ్రీ దండగ, నేనూ అదే అంటా. కానీ బండ వెనక్కి వెళ్లి మొహాలు తీసిన పిల్ల పెళ్లిళ్ల కోసం అడుగుతుందని నాకనిపించడం లేదు.

నాలుగేళ్లు ఏం చెప్తారంటే, మొదటి ఏడాది కెమెరా సంగతి దాదాపు ఎత్తరు. పెయింటింగ్ వాళ్లతో, శిల్పం వాళ్లతో కలిపి డ్రాయింగ్, రంగులు, మట్టి పని. మా బ్యాచ్‌లో సగం మంది దీనికే విసుక్కున్నారు. ఆ తర్వాత లైటు మొదలవుతుంది. తెల్ల కాగితం మీద తెల్ల కోడిగుడ్డు పెట్టి, ఒకే లైటుతో, గుడ్డు గుండ్రంగా కనపడేట్టు, అంచు కాగితంలో కలిసిపోకుండా తీసుకురమ్మంటారు. చెప్తే నవ్వొస్తుంది గానీ కూర్చుంటే తెలుస్తుంది. లైటు ఎటు నుంచి, ఎంత దూరంలో, ఎంత పెద్దది, వెనక నుంచి ఎంత వెలుగు తిరిగొస్తుంది, అన్నీ ఆ గుడ్డు మీదే తేలిపోతాయి.

దాని ఉపయోగం నాకు మా ఊరి రాయి దగ్గర తెలిసింది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అంటే నల్లరాయిలో బంగారు చుక్కలు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. కొనేవాడు ఎక్కడో దేశంలో కూర్చుని చుక్కల సైజు చూసి బేరం ఆడతాడు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకి నలుపు తెలుపు తెలియవు. ఎదురుగా ఏది నిండుగా కనపడినా దాన్ని మధ్యరకం బూడిద రంగు చేసేస్తుంది. నల్ల స్లాబు ఫ్రేము నిండా పెట్టి ఆటో మోడ్‌లో కొడితే బూడిద రాయి వస్తుంది. పెళ్లికొడుకు తెల్లపంచె ఫ్రేము నిండా ఉంటే అదీ మాసిపోయినట్టు వస్తుంది. నలుపుకి ఎక్స్‌పోజర్ (లోపలికి పడనిచ్చే వెలుగు) తగ్గించాలి, తెలుపుకి పెంచాలి. కావలి అన్న ఇది నిద్రలో కూడా చేస్తారు, నాకు తెలుసు. అసలు తిప్పలు పాలిష్‌తో. పాలిష్ పట్టిన స్లాబు అద్దమే. అందులో ఫోటో తీసే నేను, ట్యూబ్‌లైటు, గోడౌన్ రేకులు అన్నీ కనపడతాయి. వెలుగు ఏ కోణంలో పడితే అదే కోణంలో అవతలికి పోతుంది గదా, ఆ లెక్క వేసుకుని కెమెరాకి కనపడే వైపంతా నల్లగుడ్డ కట్టి, చిన్న లైటు పక్క నుంచి ఏటవాలుగా పెడితే రాయి నల్లగా ఉంటుంది, చుక్కలు మాత్రం లేస్తాయి. నేను రాకముందు వాళ్లు తీయించుకున్న ఫోటోల్లో చుక్కలు తక్కువ, ట్యూబ్‌లైట్లు ఎక్కువ.

ఎంపీసీ చదివింది వృథా అని మీ ఇంట్లో అంటుంటారేమో, కాదని చెప్పండి. లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే 1.4, 2, 2.8, 4, 5.6, 8 అంకెలు ఎందుకట్టా ఉంటాయో పాపనే అడగండి. ఒక్కో మెట్టుకి రూట్ 2తో హెచ్చవేసుకుంటూ పోతే అవే వస్తాయి, ప్రతి మెట్టుకీ లోపలికొచ్చే వెలుగు సగమవుతుంది. లైటు దూరం రెట్టింపు చేస్తే మీద పడే వెలుగు నాలుగో వంతవుతుంది. ఇవన్నీ తన ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నవే.

ఇంకోటి, స్టూడియోలో దొరకనిది. ప్రతి అసైన్‌మెంటూ గోడకి గుచ్చి, ఒక్కొక్కరి ఫోటో మీద అందరూ మాట్లాడాలి. ఇక్కడెందుకు నిలబడ్డావు, ఈ చెయ్యి ఫోటో అంచులో ఎందుకు తెగింది, ఆ ముసలాయన్ని అడిగే తీశావా? మొదట్లో ఏడ్చినవాళ్లున్నారు. అట్టా మూడేళ్లు మాటలు పడితే ఫోటో తీయకముందే ఆ ప్రశ్నలు మనకే వస్తాయి. చరిత్ర కూడా ఉంటుంది. 1839లో తొలినాటి ఫోటో పద్ధతి అయిన డాగెర్ పద్ధతి బయటికొచ్చిన దగ్గర్నుంచి, నిజాం ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్ దయాళ్, 1943 బెంగాల్ కరువుని తీసిన సునీల్ జానా, మన దేశపు మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా. వాళ్లమ్మకి హోమాయ్ గురించి పాపని చెప్పమనండి, చీర కట్టుకుని భారీ కెమెరా మోసుకుంటూ ఢిల్లీలో నెహ్రూ కాలమంతా తీసింది ఆమె.

చట్టం కూడా కొంత చెప్తారు. కావలి అన్నా, ఇది మీకు: 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరు అడిగితే తీసిన ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారులు డబ్బిచ్చినవాళ్లే. పెళ్లి ఫోటోలు మన పేజీలో పెట్టుకోవాలంటే ముందే రాయించుకోవాలి.

ఎక్కడ అంటే, మన రాష్ట్రంలో కడపలో ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, దానికి ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) పాతది, పేరున్నది. కాకపోతే విభజన చట్టంలో ఉమ్మడి ప్రవేశాలకిచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్‌తో అయిపోయింది, కాబట్టి మన పిల్లలకి అక్కడ సీటు లెక్క మునుపటిలా లేదు. పాప చేరే ఏడాది నోటిఫికేషన్‌లో లోకల్, నాన్‌లోకల్ నిబంధన చదివాకే డబ్బు కట్టండి. చెన్నైలో లయోలా లాంటి చోట్ల బీఎస్సీ విజువల్ కమ్యూనికేషన్ ఉంటుంది, అందులో ఫోటోగ్రఫీ ఒక భాగం. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) పేరు ఎవరైనా చెప్తే, వాళ్ల ఫోటోగ్రఫీ కోర్సు గాంధీనగర్ క్యాంపస్‌లో, అదీ పీజీ. పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ కూడా డిగ్రీ అయ్యాకే. ఈ రెండింటికీ బీటెక్ చేసి కూడా పోవచ్చు, అది మీ ఆవిడకి కొంచెం ఊరట.

డిగ్రీ చెప్పనిది కూడా ఉంది. రేటు ఎట్టా చెప్పాలి, బాకీ ఎట్టా వసూలు చేయాలి, ఇవి ఎవ్వరూ చెప్పలేదు. అవి కావలి అన్న లాంటివాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

కావలి స్టూడియో

అమ్మాయ్, ఇన్నేళ్లుగా నా గోడ మీద వేలాడే పెళ్లిఫోటోలన్నీ పార్టీలవేనంటావా? ఏందబ్బా ఇది! సరే, ఆర్డర్ ఫారంలో ఏం రాయాలో కాస్త చెప్పు.

నెల్లూరు పిల్లోడు

అన్నా, నేను ప్రస్తుతం మూడో సంవత్సరం చదవతా ఉండా. కాలేజీ పేరు వద్దులే. అక్క చెప్పినవన్నీ కరెక్టే, కానీ ఖర్చు ఎవరూ చెప్పలేదు. ఫీజు పక్కన పెట్టు. కాలేజీ కెమెరాలు తక్కువ, వంతుల మీద ఇస్తారు. సబ్మిషన్ ముందు శనివారం లెన్సు దొరకాలంటే దేవుడు దిగిరావాలి. ప్రింట్లకి పోయేది పోతానే ఉంటుంది. నేను సీజన్‌లో మా మామ దగ్గర సెకండ్ కెమెరాగా పోయి ఆ డబ్బులు లాగుతుండా. డార్క్‌రూమ్ (రీలు కడిగే చీకటి గది) ఉందని చెప్తే, పనిచేస్తోందా అని కూడా అడగండి. మాది తాళమేసి ఉంటుంది.

కానీ డాక్యుమెంటరీ పేపర్ కోసం స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ తీశా, కోరిక తీరినోళ్లు రొట్టె ఇస్తే అదే కోరిక ఉన్నోళ్లు అందుకుంటారు. ఊళ్లో పుట్టి పెరిగి ఏటా చూసినదే. మా సారు ముందు దూరాన్ని దగ్గరగా చూపించే టెలి లెన్సు లాగేసుకున్నాడు. గట్టు మీద నుంచి దూరంగా తీస్తే జనం మందలాగే కనపడతారు, నీళ్లలో దిగి, వెడల్పుగా చూపించే 35 ఎంఎం లెన్సుతో పో అన్నాడు. నడుం లోతు నీళ్లలో నిలబడి, ముందు మాట్లాడి, ఎవరికి ఏ రొట్టె కావాలో విని, అప్పుడు అడిగి తీయాల. ఒకామె ఆరోగ్య రొట్టె కోసం ఎంతమందిని అడుగుతా తిరిగిందో, ఆమె వెనకే తిరిగితే వచ్చాయి నా సిరీస్‌లో మంచివన్నీ. మా అమ్మ అదే నీళ్లలో నా కోసం విద్య రొట్టె పట్టింది, అది వేరే సంగతి.

పొదిలి ఎరువుల కొట్టు

అందరికీ చానా థ్యాంక్స్. ఆ రూట్ 2 సంగతి పాపనడిగా, పేపర్ తీసుకుని గబగబా రాసి చూపించింది. వాళ్లమ్మ కూడా పక్కకొచ్చి నిలబడి చూసింది, మాట మాత్రం మాట్లాడలా. ఈఏపీసెట్‌కి (మన పాత ఎంసెట్) ఎట్టాగూ చదువుతంది, దాంతోపాటు ఏడీసెట్ కూడా రాయిద్దామనుకుంటన్నా. డ్రాయింగ్ మాత్రం పదో తరగతి రికార్డుల్లో కప్పని గీసిందే. ఇప్పట్నుంచి ఏం చేయాలి? కెమెరా కొనియ్యాలా?

చీమకుర్తి అమ్మాయి

కెమెరా ఇప్పుడే వద్దు బాబాయ్. ఫస్ట్ ఇయర్ మధ్యలో, తనకేం కావాలో తనకే తెలిశాక, పాత కెమెరా బాడీ ఒకటి, 50 ఎంఎం 1.8 లెన్సు ఒకటి తీసుకోండి. కొత్తది కొని అప్పు చేయకండి.

డ్రాయింగ్‌కి రోజూ సాయంత్రం మీ కొట్లో కూర్చోబెట్టండి. బస్తాలు, త్రాసు, కౌంటర్ ముందు నిలబడ్డ రైతులు, చూసి గీయమనండి. చూడకుండా రాత్రికి ఇంట్లో మళ్లీ గుర్తుతెచ్చుకుని గీయమనండి. మెమరీ డ్రాయింగ్‌కి పనికొచ్చేది ఇదే. రంగులకి పోస్టర్ కలర్ డబ్బాలు, ఎరుపు పసుపు నీలం, తెలుపు నలుపు చాలు, మిగతావి కలుపుకోమనండి. పాత పేపర్లు పెట్టుకుని టైమ్ చూసుకుంటూ చేయమనండి. బండలాగుడు ఫోటోలు ఫోన్‌లోనే ఉంచకుండా, బాగున్నవి ఏరి ఒంగోలులో ప్రింట్లు తీయించండి. ఏరడం మాత్రం తననే చేయనీండి.

కావలి అన్నా, ఆర్డర్ ఫారం అడుగున ఇట్టా రాసి సంతకం పెట్టించుకోండి: "ఈ కార్యక్రమంలో తీసిన ఫోటోలను, వీడియోలను స్టూడియో తన ప్రచారానికి వాడుకోవడానికి మాకు అభ్యంతరం లేదు." హక్కు కూడా మీదేనని రాయించుకోవచ్చు గానీ, అది పెడితే పెళ్లికూతురి తండ్రి పెన్ను కింద పెట్టేస్తాడు. వద్దన్నవాళ్లవి గోడ మీద నుంచి దించేయండి.