మంగుకి మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు ఏడాదిగా రాస్తోంది – ఎలా మాన్పించాలి, బదులు ఏం వాడాలి?

లత_హన్మకొండ:
మా చెల్లికి బుగ్గల మీద మంగు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు ఏడాదిగా రాత్రిపూట రాస్తోంది. వెనక హైడ్రోక్వినోన్ 2%, ట్రెటినోయిన్ 0.025%, మొమెటాసోన్ 0.1% అని ఉంది. మొదటి నెల ముఖం బాగా తేటపడింది. ఇప్పుడు ఎండ తగిలితే మంట, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, గడ్డం కింద నూగు. రెండు రోజులు ఆపితే ముఖం కందగడ్డలా అవుతోంది, మళ్ళీ రాస్తే చల్లబడుతోంది. ఒక్కసారిగా ఆపేయొచ్చా? ఇంకో సంగతి, దుబాయ్ నుంచి బంధువులు తెచ్చిన క్రీము డబ్బా ఒకటి ఇంట్లో ఉంది, దాని మీద పేరు తప్ప ఏమీ రాసి లేదు. దీని బదులు అది వాడొచ్చా?

డివిఎల్_డాక్టర్:
లత గారూ, ఆ డబ్బా మూత తీయకండి. దాని సంగతి తర్వాత, ముందు ట్యూబు.

మూడు మందుల్లో అసలు దొంగ మూడోది. మొమెటాసోన్ ఒక స్టెరాయిడ్. మంగుకి మూడు మందులు కలిపి వాడటం అమెరికా చర్మవైద్యుడు క్లిగ్‌మన్ 1975లో ఇచ్చిన ఫార్ములాతో మొదలైంది. అమెరికాలో అనుమతి ఉన్న రకంలో ఉండేది ఫ్లూసినోలోన్ 0.01%, అంటే బలహీనమైన స్టెరాయిడ్, అదీ సుమారు 8 వారాలకే. మన దగ్గర దాని స్థానంలోకి అంతకంటే గట్టిదైన మొమెటాసోన్ వచ్చి కూర్చుంది. ముఖం చర్మం పలుచన. ముంజేతితో పోలిస్తే నుదురు ఇలాంటి మందును దాదాపు ఆరు రెట్లు పీల్చుకుంటుంది. అందుకే అరికాలి మీద ఏమీ చేయని మందు బుగ్గ మీద చర్మాన్ని పలచబరుస్తుంది.

మొదటి నెలలో వచ్చిన ‘తేట’లో కొంత రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల వచ్చిందే. మందు ఆపగానే ఆ నాళాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. కందగడ్డ ఎరుపు అదే. దాన్ని చూసి భయపడి మళ్ళీ రాయడంతోనే మనిషి ఈ ట్యూబుకి కట్టుబడిపోతుంది. దీనికి మన చర్మవైద్యులు పెట్టిన పేరే ‘స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం’.

ఆపే పద్ధతి: ఇంట్లో తేల్చుకునే పని కాదు, చర్మవైద్యుడి దగ్గరే. అక్కడ ఏం జరుగుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది కాబట్టి చెప్తున్నా. ఎక్కువ కాలం వాడినవాళ్ళకు చాలామంది వైద్యులు మొమెటాసోన్ తీసేసి హైడ్రోకార్టిసోన్ 1% లాంటి తేలికదానికి మారుస్తారు. కొన్నాళ్ళు రోజూ, తర్వాత రోజు విడిచి రోజు, ఆపైన పూర్తిగా మానడం. మంట ఎక్కువుంటే స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్, మొటిమల్లా పొక్కితే డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు కలుపుతారు. ఎరుపు మొదటి ఒకటి రెండు వారాల్లో బాగా పెరిగి, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో దిగుతుంది. ఆ రోజుల్లో వాసన లేని మాయిశ్చరైజర్, చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ 10 నిమిషాలు, అంతే. బ్లీచు, ఫేషియల్, ఆవిరి, స్క్రబ్బు, త్రెడింగు ఏవీ వద్దు.

నూగు చాలావరకు తగ్గుతుంది. నరాలు మొత్తం పోకపోవచ్చు, తర్వాత లేజర్ అవసరం పడొచ్చు. ఈ మందు కంటి చుట్టూ కూడా రాసి ఉంటే కంటి ఒత్తిడి చూపించండి. స్టెరాయిడ్ వల్ల గ్లకోమా, శుక్లాలు వస్తాయి.

హైడ్రోక్వినోన్‌కీ గడువుంది. ఏళ్ళ తరబడి, అందులోనూ ఎండలో తిరుగుతూ వాడితే బుగ్గ ఎముకల మీద నీలం నలుపు చుక్కలు దిగుతాయి (ఓక్రోనోసిస్). మంగు కంటే అదే మొండిది. నల్లబడిందని ఇంకా ఎక్కువ రాస్తారు, ఇంకా నల్లబడుతుంది.

ఫార్మసీ_కౌంటర్:
చీటీ లేకుండా ఆ ట్యూబు ఇవ్వకూడదండీ. 2018లో స్టెరాయిడ్ పూతమందుల్ని కేంద్రం షెడ్యూల్ హెచ్ (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా) కిందికి తెచ్చింది. కౌంటర్‌లో అడిగితే ఇచ్చేస్తున్నారంటే తప్పు రూలుది కాదు. ట్యూబు తిప్పి చూడండి: మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్, ఫ్లూసినోలోన్... పేరు చివర ‘సోన్’, ‘సాల్’, ‘లోన్’ కనిపిస్తే ఆగి అడగండి.

ఇక దుబాయ్ డబ్బా. ఏమీ రాయని క్రీములో మొదట అనుమానించాల్సింది పాదరసం. మెలనిన్ తయారుచేసే ఎంజైమును అది అడ్డుకుంటుంది కాబట్టి చవకగా, త్వరగా తెల్లబరుస్తుంది. చర్మం గుండా లోపలికి పోయి మూత్రపిండాల్లో చేరుతుంది. కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా వచ్చిన 22 మెంబ్రేనస్ నెఫ్రోపతీ (మూత్రపిండాల వడపోత దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు) కేసుల్లో 15 మందికి అందులో నెల్-1 అనే అరుదైన రకం బయటపడితే, వాళ్ళలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీము వాడినవాళ్ళే.

లేబుల్ ఉంటే వెతకాల్సిన మాటలు: కాలమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్, మెర్క్యురిక్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ. ‘బంగారం, వెండి, అల్యూమినియం తగలనివ్వకండి’ అన్న హెచ్చరిక ఉన్నా అదే అర్థం. మన దేశంలో తయారైన కాస్మెటిక్‌కి తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉండాలి. దిగుమతైనదానికి రిజిస్ట్రేషన్ నంబరు, ఇక్కడికి తెచ్చిన సంస్థ పేరు ఉండాలి. సూట్‌కేసులో వచ్చిన డబ్బాకి ఇవేవీ ఉండవు.

ఇంతకుముందు ఎవరైనా అది వాడి ఉంటే, మూత్రం నురగలా పోవడం, పొద్దున్నే కళ్ళకింద ఉబ్బు, కాళ్ళ వాపు ఉన్నాయేమో గమనించండి. లేకపోయినా మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ పరీక్ష చేయించండి, క్రీము పేరు డాక్టరుకి చెప్పండి. వాడినవాళ్ళ తువ్వాలు, దిండు గలీబుల ద్వారా పాదరసం పిల్లలకూ అంటుతుంది. డబ్బాని సింకులో కడగకండి, కాల్చకండి. గాలి చొరని కవర్లో కట్టి, మున్సిపాలిటీ ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వండి.

లత_హన్మకొండ:
డబ్బా కవర్లో కట్టి పక్కన పెట్టాను. చర్మవైద్యుడి దగ్గరకు తీసుకెళ్తాం. ఇంట్లో వాళ్ళు ఈలోగా సున్నిపిండి, నిమ్మరసం, పసుపు రాయమంటున్నారు. మెడ వెనక కూడా నల్లగా ఉంది, దానికీ అవేనా?

కాస్మెటిక్_కెమిస్ట్:
నిమ్మరసం మాత్రం వద్దే వద్దండీ. అది బాగా ఆమ్లం, పైగా నిమ్మజాతి కాయల్లోని సొరాలెన్లు అనే రసాయనాలు ఎండ తగలగానే చర్మాన్ని కాలుస్తాయి. బొబ్బ, ఆ తర్వాత నెలల తరబడి నల్లమచ్చ. సున్నిపిండి సబ్బుకి బదులు పనికొస్తుంది, రంగు మార్చదు. గరుకుగా ఉన్న పిండితో ఒళ్ళు రుద్దినట్టు ముఖం రుద్దితే మంగు ముదురుతుంది. పసుపూ ఇప్పుడు ఆ ముఖానికి మంటే.

మంగుకి మొదటి మందు సన్‌స్క్రీన్, మిగతావి దాని తర్వాతే. ఎస్‌పిఎఫ్ 30 లేదా 50, పీఏ+++. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండినంత, బయటికెళ్ళే 15 నిమిషాల ముందు, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి. చాలామంది శనగగింజంత రాసి ‘పనిచేయలేదు’ అంటారు. కళ్ళకు కనిపించే వెలుగు కూడా మంగుని పెంచుతుంది, మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు. అందుకే ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ మేలు. గొడుగు, చున్నీ ఉండనే ఉన్నాయి.

ముఖంలో ఎరుపు పూర్తిగా తగ్గాక, వైద్యుడు సరేనన్నాక, నియాసినమైడ్ 4–5% లేదా అజెలాయిక్ ఆమ్లం 10–20%. అజెలాయిక్‌ని బఠాణీ గింజంత, మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాయాలి, కొంచెం చురచుర మామూలే. గర్భిణులు ట్రెటినోయిన్, హైడ్రోక్వినోన్ మానాలి, అజెలాయిక్ వాళ్ళకూ ఇస్తారు. ఏది వాడినా 12 వారాలకి గానీ తేడా తెలియదు. ఇవన్నీ మచ్చని తగ్గిస్తాయి, పుట్టుకతో వచ్చిన ఛాయని మార్చవు. వారంలో మార్చింది అంటే లోపల స్టెరాయిడో పాదరసమో ఉందనే అనుమానించండి.

మెడ సంగతి వేరు. మడతల్లో ముఖ్‌మల్‌లా మందంగా, నల్లగా ఉంటే అది అకాంథోసిస్ కావచ్చు. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే వస్తుంది. క్రీము కొనే డబ్బుతో హెచ్‌బిఏ1సి (మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) చేయించండి. నలుపు నుదురు అంచున, చెవుల ముందు ఎక్కువగా ఉంటే హెయిర్ డైని అనుమానించాలి. పీపీడీ (డైకి నలుపునిచ్చే రసాయనం) ఉన్న డై ఎలర్జీతోనూ ముఖం నల్లబడుతుంది. డై మానకుండా ఏ క్రీమూ పనిచేయదు.

డివిఎల్_డాక్టర్:
ఒకటి కలుపుతాను. మంగుకి ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు (సాధారణంగా 250 మి.గ్రా., రోజుకి రెండుసార్లు) ఈమధ్య యూట్యూబ్ చూసి కొనేసుకుంటున్నారు. గడ్డకట్టిన రక్తం కరగకుండా ఆపే మందు అది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా కాలి నరాల్లో రక్తం గడ్డలు కట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు సొంతంగా ముట్టకూడదు. గర్భనిరోధక మాత్రలే మంగుకి కారణమూ కావచ్చు, చెల్లి వాడుతోందేమో అడగండి. క్లినిక్‌లో ఇంకెవరైనా గ్లూటాథయోన్ ఇంజెక్షన్ అంటే లేచి రండి. తెల్లబడటానికి దాన్ని నరంలోకి ఎక్కించడాన్ని అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించలేదు.

వెళ్ళేటప్పుడు ట్యూబు, దాని అట్టపెట్టె, మొదటి నెల ఫోటో, ఇప్పటి ఫోటో తీసుకెళ్ళండి. అట్టపెట్టె పారేసి ఉంటే ట్యూబు వెనక బ్యాచ్ నంబరు కనిపించేలా ఫోటో తీసి ఉంచుకోండి.