కబడ్డీ మ్యాట్ ముందా, అమ్మాయిల గది ముందా?

క్లబ్ కార్యదర్శి:
మా పట్టణ మైదానంలోని కబడ్డీ క్లబ్‌కు ఒక దాత విరాళం ఇస్తానన్నారు. ఆ డబ్బుతో సింథటిక్ మ్యాట్ కొనవచ్చు, లేదా అమ్మాయిలు దుస్తులు మార్చుకోవడానికి మరుగుదొడ్డితో కలిపి గది కట్టవచ్చు. రెండింటికీ చాలదు. ఇప్పుడున్న గది ఎప్పుడో మగవాళ్ల కోసం కట్టింది. తలుపుకు లోపల గడియ లేదు, స్నానం చేసే చోట అడ్డుగోడలు లేవు. సాయంత్రం సాధనకు వచ్చేవాళ్లలో ఇప్పుడు దాదాపు సగం మంది అమ్మాయిలే. కమిటీలో ఏకాభిప్రాయం కుదరలేదు. మీరేమంటారు?

పాత రెయిడర్:
మ్యాటే కొనాలి. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి పెద్ద ఆటంతా మ్యాట్ మీదే సాగుతోంది. మట్టిలో ఒట్టి కాళ్లతో నేర్చుకున్నవాళ్లకు మ్యాట్ మీద బూట్లతో మలుపు తిరగడం అంత సులువు కాదు. మన అమ్మాయిలు సెలక్షన్లకు వెళ్లిన రోజునే మొదటిసారి మ్యాట్ మీద కాలు పెడుతున్నారు. ఆ అన్యాయం గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

పైగా గది కట్టిన ఏడాదికే అందులోకి కుర్చీలు, వలలు, సున్నం బస్తాలు చేరతాయి. 2022 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్‌లో ఏం జరిగిందో గుర్తుందా? బాలికల రాష్ట్ర కబడ్డీ పోటీలకు వచ్చిన పిల్లలకు వండిన అన్నం మరుగుదొడ్డిలో పెట్టారు. వాన పడుతోందని, ఈతకొలను పక్కన దుస్తులు మార్చుకునే గదిలో పెట్టామని అధికారి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. వీడియో బయటికి వచ్చాక ఆయన్ని సస్పెండ్ చేశారు. మన దేశంలో ఇలాంటి గదుల గతి అది.

పీఈటీ మేడం:
మాస్టారూ, మీరు చెప్పిన ఉదాహరణే నా వాదనకు బలం. ఆ గది ఆడపిల్లలదని అక్కడ ఎవరికీ అనిపించలేదు కాబట్టే అది అన్నం గిన్నెలకు ఖాళీ జాగాగా కనిపించింది. అలాంటిచోట కొత్త మ్యాట్ వేసినా ఆ పిల్లలకు దక్కే మర్యాద అంతే.

నేను బడిలో అమ్మాయిలకు కబడ్డీ నేర్పుతాను. సాయంత్రం సాధన ఉందంటే వాళ్లలో చాలామంది మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. మైదానంలో మూత్రానికి వెళ్లడానికి చోటు లేదని వాళ్లకు తెలుసు. ఎండలో, గొంతు ఎండిపోయి రెయిడ్‌కు వెళ్తారు. పిక్కలు పట్టేసి కూలబడితే మనం ‘ఒంట్లో సత్తువ లేదు’ అంటాం. చుడీదార్ కింద జెర్సీ, షార్ట్స్ వేసుకుని వచ్చి ఆడతారు. ఆట అయ్యాక ఒంటినిండా మట్టి, తడిసిన జెర్సీ. ఇద్దరు చున్నీ అడ్డం పట్టుకుంటే మూడో అమ్మాయి గోడ మూలన దుస్తులు మార్చుకుంటుంది. నెలసరి రోజుల్లో అసలు రారు. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మంచి ఆటగత్తెలు ఒక్కొక్కరే మానేస్తారు. ‘ఇంట్లో వద్దన్నారు మేడం’ అంటారు. ఇంట్లో ఎందుకు వద్దన్నారో ఎవరూ అడగరు.

బరువు కొలత సంగతి కూడా చెప్పాలి. మన ఆటలో బరువు పరిమితి ఉంది కదా, పోటీకి ముందు తక్కువ దుస్తులతో తూకం మీద నిలబడాలి. తలుపు మూయడానికి వీలులేని గదిలో పద్నాలుగేళ్ల పిల్లను ఆ పని చేయమని ఎలా చెప్పను?

మెల్‌బోర్న్ నాన్న:
ఇక్కడి అనుభవం చెబుతాను. ఆస్ట్రేలియాలో 2017లో ఇక్కడి సొంత ఫుట్‌బాల్ (ఆస్ట్రేలియన్ రూల్స్) మహిళల లీగ్ మొదలయ్యాక స్థానిక క్లబ్బులకు అమ్మాయిలు వెల్లువలా వచ్చారు. అక్కడి గదులన్నీ మగవాళ్లవి: వరసగా మూత్రశాలలు, తలుపుల్లేని షవర్లు. 2023లో మహిళల సాకర్ ప్రపంచకప్ ఇక్కడ జరిగినప్పుడు కేంద్ర ప్రభుత్వం ఆడవాళ్ల క్రీడా సౌకర్యాలకు 20 కోట్ల డాలర్లు ప్రకటించింది. చాలాచోట్ల ‘ఆడవాళ్ల గది’ అని విడిగా కట్టడం లేదు. షవర్లకు, మరుగుదొడ్లకు ఒక్కొక్కదానికి గడియ ఉన్న తలుపు పెట్టి, ఒక జట్టు తర్వాత ఇంకో జట్టు వాడుకునేలా మారుస్తున్నారు. మీరు కొత్త గది కట్టేకంటే పాత గదినే అలా మారిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది కదా?

పీఈటీ మేడం:
మీ ఆలోచన మంచిదే. అయితే ఇక్కడ అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే వేళకు సాధన చేస్తారు. వేళలు విడదీస్తే చీకటిపడ్డాక వచ్చే వంతు ఎవరికి పడుతుందో నాకు తెలుసు. పాత గదిని మధ్యలో గోడతో విడదీసి, రెండో తలుపు మైదానం వైపు పెడితే ఒప్పుకుంటాను.

ఓ కబడ్డీ అమ్మ:
గది కట్టండి, చాలా సంతోషం. కానీ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? వాచ్‌మన్ దగ్గర ఉంటే నా కూతురు వెళ్లి అడగదు. కోచ్ దగ్గర ఉంటే నేను పంపను. పెద్ద అమ్మాయిల్లో ఒకరికి, ఒక మేడం గారికి మాత్రమే ఇవ్వాలి. లోపలికి ఫోన్లు తీసుకెళ్లకూడదు. వెంటిలేటర్ మనిషి ఎత్తుకు పైన ఉండాలి. లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం స్టేడియాలను, పోటీలు జరిగే చోట్లను కూడా పని ప్రదేశాలుగానే చూస్తుంది. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో గది గోడ మీద రాయించండి. తొమ్మిదో తరగతిలో మా అమ్మాయి ఆట మాన్పించింది నేనే. మ్యాట్ లేదని కాదు.

పాత రెయిడర్:
అమ్మా, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా నా భయం తీరలేదు. కట్టడానికి దాతలు వస్తారు, శిలాఫలకం మీద పేరు పడుతుంది కాబట్టి. నీళ్ల మోటారు కాలిపోతే, మూత ఉన్న చెత్తబుట్ట నిండితే ఎవరు వస్తారు? శుభ్రం చేసే మనిషికి నెలనెలా జీతం ఎవరిస్తారో కాగితం మీద రాయండి. అది రాస్తే గదికే నా ఓటు. రాయకపోతే మ్యాట్‌కే.

క్లబ్ కార్యదర్శి:
న్యాయమైన షరతు. విరాళంలో కొంత బ్యాంకులో వేసి ఆ వడ్డీతో జీతం ఇవ్వవచ్చా అని దాతను అడుగుతాను. అదీ చాలకపోతే సభ్యత్వ రుసుము పెంచే ప్రతిపాదన కమిటీ ముందు పెడతాను. మేడం గారూ, పాత గదిని రెండుగా విడదీసే పటం గీసి ఆదివారంలోగా పంపగలరా? తాపీమేస్త్రీని తీసుకొచ్చి కొలతలు చూపిస్తాను. తాళంచెవి విషయం తీర్మానంలోనే రాస్తాం.