ఘాట్‌లో కారు లాగకపోతే ముందు చూడవలసింది డీజిల్‌నా, గాలినా?

కడప కారు యజమాని:
నాది 2016 నాటి టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) ఉన్న డీజిల్ కారు. ఊళ్లో తిరిగినంతసేపు ఏ లోపమూ కనిపించదు. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతూ లారీని దాటడానికి ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం 2500 ఆర్‌పీఎం దగ్గర బండి పట్టు వదిలేస్తుంది, ఇంజన్ లైటు వెలుగుతుంది, పక్కన ఆపి తాళం తిప్పి మళ్లీ స్టార్ట్ చేసేవరకు పికప్ రాదు. షెడ్డులో డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్చినా ఫలితం లేదు. ఇప్పుడు డీజిల్‌ను ఒత్తిడితో పంపే హైప్రెషర్ పంపు విప్పాలంటున్నారు. విప్పించమంటారా?

అనంతపురం మెకానిక్:
వారి అనుమానం కొట్టిపారేయదగినది కాదు. ఇంజన్‌పై భారం పడినప్పుడే డీజిల్ ఎక్కువ కావాలి. ట్యాంకులోని జాలీ మూసుకుపోయినా, పైపులో గాలి చేరినా ఊళ్లో తెలియదు, ఎత్తులోనే బయటపడుతుంది. ఫిల్టరు మార్చినంత మాత్రాన డీజిల్ వైపు అంతా బాగున్నట్టు కాదు.

కర్నూలు సభ్యుడు:
మెకానిక్ గారి తర్కం సరైనదే, కానీ అది గాలికీ అంతే వర్తిస్తుంది కనుక, పంపుపై చేయి వేసే ముందు కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపే స్కానరులో రెండు జతల అంకెలు చూడాలన్నది నా వాదన: రైలు (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టం) పీడనం కంప్యూటర్ కోరినదెంత, నిజంగా ఉన్నదెంత, టర్బో గాలి పీడనం కోరినదెంత, అందినదెంత. పక్క సీటులోని మనిషి వీటిని చూస్తుండగా అదే ఎత్తులో, మూడో గేరులో, పూర్తిగా తొక్కాలి. రైలు పీడనం కోరినదానికి అందకపోతే లోపం డీజిల్‌ది, స్కానరులో లోపం కోడ్ సాధారణంగా పి0087 వస్తుంది. అది సరిగా ఉండి గాలి పీడనం వెనకబడితే పి0299. షెడ్డులో నిలబెట్టి ఎంత రేజ్ చేసినా ఈ తేడా సరిగా తెలియదు, ఎందుకంటే భారం లేని ఇంజన్‌లో టర్బో పీడనం పెద్దగా పెరగదు.

అనంతపురం మెకానిక్:
స్కానర్ లేనివారు వెనక బండిలోని మనిషిని పొగ చూడమనవచ్చు. టర్బో తర్వాతి పైపు చీలితే, సెన్సార్ కొలిచిన గాలి ఇంజన్ చేరకముందే బయటికి పోతుంది, డీజిల్ మాత్రం ఆ కొలత ప్రకారమే పడుతుంది, కనుక నల్లపొగ వస్తుంది. డీజిల్ అందకపోతే సాధారణంగా నల్లపొగ ఉండదు. బీఎస్ 6 బండ్లలో పొగగొట్టం దారిలోని డీపీఎఫ్ అనే ఫిల్టరు మసిని పట్టేస్తుంది కాబట్టి ఈ గుర్తు అక్కడ చెల్లదు. తనిఖీకి ముందే పంపు విప్పమని నేనూ అనను.

కడప కారు యజమాని:
నిన్న మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కాను. రైలు పీడనం 1500 బార్ దాటి, కోరిన అంకెను అంటిపెట్టుకునే ఉంది. గాలి మాత్రం 220 కిలోపాస్కల్ కోరితే 140 దగ్గరే ఆగింది, ఆపై పి0299 పడింది. ఆ కోడ్ చూడగానే షెడ్డువారు పంపు మాట వదిలి టర్బోనే మార్చాలన్నారు! ఇంటికొచ్చి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ అడుగున చేత్తో తడిమితే, క్లిప్పు పక్కనే రెండంగుళాల చీలిక నూనె తడితో తగిలింది. ఇంజన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు అది మూసుకునే ఉంటోంది. కొత్త హోస్ వేసి ఈ ఉదయం నలుగురితో ఎక్కితే లైటు వెలగలేదు.

అనంతపురం మెకానిక్:
సంతోషం. నూనె పలచటి తడిగా ఉంటే చాలా ఇంజన్లలో మామూలే. హోస్‌లో మడుగు కట్టి ఉంటే మాత్రం టర్బో షాఫ్టులో లూజు ఉందేమో చూపించండి. పాత హోస్ పారేయకముందే లోపల ఒకసారి చూడండి.