జేన్ ఐర్ చివరికి పెళ్లి చేసుకోవడం ఓటమేనా?

పాఠకురాలు:
షార్లెట్ బ్రాంటీ 1847లో తెచ్చిన ‘జేన్ ఐర్’ మళ్లీ చదివాను. జేన్ అనాథ. ఏడాదికి 30 పౌండ్ల జీతం మీద రోచెస్టర్ ఇంట్లో పిల్లకు చదువు చెప్పే గవర్నెస్. పెళ్లి పీటల దాకా వచ్చాక అతని మొదటి భార్య బతికే ఉందని బయటపడితే చేతిలో ఇరవై షిల్లింగులతోనే ఇల్లు వదిలి వెళ్లిపోయింది. అంత తెగువ ఉన్న మనిషి మళ్లీ అతన్నే వెతుక్కుంటూ వెళ్లి, అప్పటికి మొదటి భార్య చనిపోవడంతో అతన్నే పెళ్లాడి, చూపు పోయిన భర్తకు సేవ చేస్తూ ఉండిపోవడం నాకు మింగుడుపడలేదు. ఇది ఓటమి కాదా?

ఆంగ్లసాహిత్యం:
కాదండీ. గతిలేక వెళ్లిన మనిషి కాదు జేన్. పినతండ్రి ఆస్తి 20,000 పౌండ్లు వస్తే దాన్ని తనకూ, ముగ్గురు మేనత్త బిడ్డలకూ నాలుగు వాటాలు చేసి, తన వాటా 5,000 మాత్రమే ఉంచుకుంది. వాళ్లలో ఒకడైన సెయింట్ జాన్ భారతదేశానికి మిషనరీగా వెళ్తూ పెళ్లాడి తోడు రమ్మని అడిగితే తోడుగా వస్తానంది గానీ, ప్రేమ లేని పెళ్లికి ససేమిరా అంది. అతని కోసం హిందుస్తానీ నేర్చుకుని కూడా! బయలుదేరేటప్పటికి రోచెస్టర్‌కు చూపు పోయిందనీ ఆమెకు తెలియదు.

పాఠకురాలు:
సరే, మరి చట్టం మాటేమిటి? పెళ్లయితే ఆ 5,000 భర్త చేతికే. ఇంగ్లండులో భార్య సంపాదన ఆమెదేనని 1870లో, ఆస్తంతా ఆమెదేనని 1882లో చట్టాలు వచ్చాయి. ఈ నవల వాటికి చాలా ముందుది. మొదటి భార్య బెర్తా తెచ్చిన 30,000 పౌండ్లు ఏమయ్యాయో చూశాం కదా. డబ్బు అతనికి, మూడో అంతస్తులో తాళం వేసిన గది ఆమెకు.

ఆంగ్లసాహిత్యం:
బెర్తా విషయంలో మీ మాట కాదనలేను. కానీ డబ్బు సంగతి జేన్‌కు తెలియక కాదు. పెళ్లి బట్టలకు దగ్గరి పట్నం మిల్‌కోట్ వెళ్లిన ఘట్టం చూడండి. రోచెస్టర్ ధగధగలాడే ఊదారంగు పట్టు, గులాబీరంగు శాటిన్ ఎంచితే, ఆమె పట్టుబట్టి వాటిని నల్ల శాటిన్‌కూ, ముత్యపు బూడిదరంగు పట్టుకూ దించింది. అతను కొనిపెట్టేకొద్దీ ఆమెకు చిన్నతనంగా ఉంది. నాకంటూ నాలుగు డబ్బులుంటే ఇది భరించగలనని ఆ రోజే మదీరా ద్వీపంలోని పినతండ్రికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం వల్లే పెళ్లి కబురు పినతండ్రి ద్వారా బెర్తా సోదరుడికి తెలిసింది; బెర్తా సంగతి బయటికొచ్చి పెళ్లి ఆగిపోయింది. ఆత్మగౌరవం కోసం రాసిన ఉత్తరమే ఆమెను కాపాడింది. నవలలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

1854లో తన పెళ్లికి ముందు షార్లెట్ తన డబ్బు తన పేరనే ఉండేలా ఒప్పంద పత్రం రాయించుకుంది. జేన్‌కు అలాంటి పత్రం ఉన్నట్టు నవలలో ఎక్కడా లేదు. నా అభ్యంతరమల్లా దాని మీదే, ఆమె తిరిగి వెళ్లడం మీద కాదు.