చిట్టెలుకల ఆందోళన పరీక్ష: పగలు చేయాలా, రాత్రి చేయాలా?

గుడ్లగూబ: మా ల్యాబులో ఈ తగవు తెగడం లేదు. చిట్టెలుకను గొట్టంలో కదలకుండా ఉంచి ఒత్తిడి పెడతాం, తరువాత ప్లస్ మేజ్ మీద అయిదు నిమిషాలు వదులుతాం. తెలియనివారి కోసం: నేల నుంచి అర మీటరు ఎత్తున కూడిక గుర్తులా ఉండే బల్ల అది. రెండు బాటలకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. గోడలు లేని వైపు ఎంత తక్కువ తిరిగితే అంత ఆందోళన అని లెక్క. ఇది ఉదయం పది గంటలకు చేస్తున్నారు! ఎలుకకు అది నిద్రవేళ. నడిరాత్రి మనల్ని లేపి పిట్టగోడ మీద నడవమన్నట్టు.

పాత మాస్టారు: ముప్పై ఏళ్లు పగలే చేశాం. ఒత్తిడి పెట్టినవాటినీ పెట్టనివాటినీ ఒకే వేళకు పరీక్షిస్తే సరిపోతుంది.

గుడ్లగూబ: సరిపోదు మాస్టారూ. ఎలుక రక్తంలో కార్టికోస్టెరాన్ అనే ఒత్తిడి హార్మోను గదిలో దీపాలు ఆరే వేళకు బాగా పెరుగుతుంది, వెలిగే వేళకు అడుగంటుతుంది. నిండుకుండలో పోసిన చెంబెడు నీళ్లూ ఖాళీ కుండలో పోసినవీ ఒకటేనా?

కళ్యాణి: గదిలో దీపాల వేళలే తిప్పేయండి. రెండు మూడు వారాల్లో ఎలుకలు అలవాటు పడతాయి. మన పగలు వాటికి రాత్రి. ఎర్ర దీపం కింద పని చేసుకోవచ్చు.

పాత మాస్టారు: ఎర్ర దీపం ఎలుకకు కనబడదని ఎవరు చెప్పారు?

కళ్యాణి: కనబడదని నేను అనలేదండీ.

పాత మాస్టారు: అందరూ అనేది అదే. చాలా తక్కువగా కనబడడం వేరు, అసలు కనబడకపోవడం వేరు.

బాటసారి: మగవాళ్ల వాసనకే ఎలుకలు ఒత్తిడికి లోనవుతాయని 2014లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. ముందు మీరిద్దరూ గదిలోంచి బయటికి రండి.

పాత మాస్టారు: 1999 నాటి ప్రయోగం గుర్తు చేస్తాను. అమెరికా, కెనడాల్లోని ఆల్బనీ, ఎడ్మంటన్, పోర్ట్‌లండ్ ల్యాబులు ఒకే జాతుల ఎలుకలు, ఒకే తరహా పరికరాలు తీసుకుని, వేళ కూడా ఒకటే పెట్టుకున్నాయి. అయినా కొన్ని ఫలితాలు కలవలేదు. వేళే సర్వస్వమైతే ఎందుకు కలవలేదు?

గుడ్లగూబ: సర్వస్వమని ఎవరన్నారు? రాత్రి మేలుకోవడం ఇష్టం లేనివారికి ఇదొక సాకు.

లలిత: సాకా? మా హాస్టల్ గేటు తొమ్మిదికి మూస్తారు. ఆరు నెలలు పగలు చేసిన నా పరీక్షలను, రాత్రివి కావని మా గైడు పక్కన పడేశారు. ఆ రాత్రి పని నా తోటి అబ్బాయికి ఇచ్చారు. పరిశోధన పేపర్లో మొదటి పేరు అతనిది. ఎలుక ఎప్పుడు మేలుకుంటుందో నాకూ తెలుసు.

పాత మాస్టారు: అమ్మా, నేను పగలు చేయించింది కూడా అందుకే. నా దగ్గర అమ్మాయిలే ఎక్కువ. సైన్సు కారణం తరువాత వెతుక్కున్నాను.

గుడ్లగూబ: లలిత గారూ, ఆ మాట మిమ్మల్ని ఉద్దేశించి కాదు. అయినా అని ఉండకూడదు. మా ల్యాబులోనూ రాత్రి పని నాదే, మొదటి పేరూ నాదే. ఇన్నాళ్లూ అది నా కష్టానికి ఫలమనుకున్నాను.

లలిత: కష్టం కాదని అనను. గేటు మీకు తెరిచి ఉంది, అంతే.

కళ్యాణి: దీపాలు తిప్పితే ఈ గొడవే ఉండదని మొదటే చెప్పాను. కావలసింది ఒక టైమరు.

గుడ్లగూబ: టైమరు ఉంది. అదే గదిలో మరో ముగ్గురి ఎలుకలున్నాయి. వాళ్లు ఒప్పుకోవడం లేదు.

పాత మాస్టారు: ఎర్ర దీపం సంగతి ఇంకా తేలలేదు.