2008 హోండా సివిక్‌కి ట్యాపెట్ సెట్టింగ్, ఏ టూల్స్ కొనాలి?

> అన్నలూ, మాది జడ్చర్ల, డల్లాస్ వచ్చి కొద్దిరోజులే అయింది. సెకండ్ హ్యాండ్ సివిక్ 1.8 కొన్నాను. ఇంజన్ టిక్ టిక్ అంటోంది, షాపువాళ్లు చెప్పిన రేటు వింటే టెన్షన్ వచ్చింది. 200 ముక్కల టూల్ సెట్ తీసుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చా?

తమ్ముడూ, ఆ సెట్ కొనకు. అందులో సగం నువ్వు ముట్టుకోవు, సన్నటి సందులు కొలిచే రేకుల ఫీలర్ గేజ్, అసలు కావాల్సింది, మాత్రం ఉండదు. నీ ఇంజన్ మంచిదే దొరికింది, వాల్వ్‌కి, దాన్ని నొక్కే రాకర్‌కి మధ్య గ్యాప్ సరిచేయడానికి స్క్రూ, లాక్ నట్టు ఉంటాయి, మన దగ్గర స్ప్లెండర్‌కి చేసే ట్యాపెట్ సెట్టింగే, కాకపోతే 16 వాల్వులకు. ఆ గ్యాప్‌ని ఆయిల్ ఒత్తిడితో వాటంతటవే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లున్న బండ్లకైతే ఈ పనే ఉండదు.

ఫీలర్ గేజ్ కొస వంగినది తీసుకో, తిన్నగా ఉన్నది రాకర్ కిందికి దూర్చేసరికి ఆకు మెలిపడి చేతికి తప్పుడు బిగువు తెలుస్తుంది. గ్యాప్ ఇన్‌టేక్ వాల్వులకు 0.18 నుంచి 0.22 మి.మీ., ఎగ్జాస్ట్ వాల్వులకు 0.23 నుంచి 0.27. ఇంచుల గేజ్ దొరికినా ఫర్వాలేదు, 0.008 అంటే దాదాపు 0.20, 0.010 అంటే 0.25. ఇక 10 నంబర్ రింగ్ పానా, ఫ్లాట్ స్క్రూడ్రైవర్, క్రాంక్ తిప్పడానికి 19 సాకెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్.

నట్టు ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్ దగ్గర చూసుకో. చక్రాల నట్లకు వాడే హాఫ్ ఇంచ్‌ది మామూలుగా 20 ఫుట్ పౌండ్ల నుంచి మొదలవుతుంది, ఈ చిన్న నట్లకు అంత బలం పెడితే మర పోతుంది. ఇంచ్ పౌండ్ల చిన్న రెంచ్ కావాలి, కొనడం ఎందుకు, ఆటోజోన్ స్పేర్‌పార్టుల షాపులో డిపాజిట్ కట్టి తెచ్చుకో, తిరిగిస్తే డబ్బు వెనక్కి ఇస్తారు.

ఇంకొకటి, శబ్దం పూర్తిగా పోవాలని బిగించకు. మనవాళ్లకు ఇంజన్ నిశ్శబ్దంగా ఉంటేనే తృప్తి, కానీ గ్యాప్ మరీ తగ్గితే ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు మీద సరిగ్గా కూర్చోదు, వేడి దిగే దారిలేక అంచు కాలిపోతుంది. కొంచెం టిక్ టిక్ అన్నా నయమే.

> థాంక్స్ అన్నా. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేయనిస్తారా?

లీజు చదువు, చాలాచోట్ల ఒప్పుకోరు. మా గ్యారేజీకి తీసుకురా, కానీ ముందురోజు రాత్రే పెట్టి వెళ్లు, ఇంజన్ 38 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లారితేనే కొలత పనికొస్తుంది. ఎండాకాలం కాబట్టి తెల్లారకముందే మొదలుపెడదాం. వచ్చేటప్పుడు వాల్వ్ కవర్ గాస్కెట్ సెట్ పట్టుకురా, పాతది గట్టిపడి ఉంటే మళ్లీ వేసినా ఆయిల్ కారుతుంది.